ఉప్పు ఋణము

వాదించువానికి పక్షము విధి. ధర్మమునకు పక్షము లేదు. ఈ రెంటిని ఒక్క నోట సేవించుట సాధ్యమా యను ప్రశ్న న్యాయవాదవృత్తి పుట్టిననాటినుండియు నున్నదే గాని, ఆ పక్షము సాక్షాత్తు ప్రభుత్వమే యైనప్పుడు, ఎదుటనున్నవాడు ఆ ప్రభుత్వము ఎవరి పేర నడచుచున్నదో ఆ ప్రజలలోనివాడే యైనప్పుడు, ఈ ప్రశ్న వృత్తినీతిని దాటి తత్త్వవిచారమున ప్రవేశించుచున్నది.

భారత బార్ కౌన్సిల్ వారి 2008 నాటి న్యాయవిద్యా నియమముల ననుసరించి మూడేండ్ల కోర్సు చదువు విద్యార్థి 12 వారములును, ఐదేండ్ల కోర్సు చదువువాడు 20 వారములును ఇంటర్న్‌షిప్ చేయవలయును. ఒక సంవత్సరమున ఎడతెగక నాలుగు వారములకు మించరాదు. అట్లు పని నేర్చుకొన దగిన తావులలో న్యాయవాదుల యాఫీసులతోపాటు స్థానిక స్వపరిపాలన సంస్థలను గూడ ఆ నియమములు పేర్కొన్నవి. భావనపాడు తీరమున మత్స్యకారుల యింట పుట్టి, ఎచ్చెర్లలోనో విశాఖపట్టణములోనో లా చదువుచున్న యువకు డొకడు మహానగరపాలక సంస్థ లీగల్ సెక్షనులో నాలుగు వారములు గడపుచున్నా డనుకొందము. రిట్ పిటిషను చదివి సారాంశము వ్రాయుట, సంబంధిత విభాగమునుండి పేరావారీ రిమార్కులు తెప్పించుట, స్టాండింగ్ కౌన్సెల్ గారికి కౌంటరు ముసాయిదా సిద్ధపరచుట, వాయిదాల పట్టిక చూచుకొనుట అతని పనులు. ఒకనాడు అతని బల్లపైకి వచ్చిన ఫైలు, తన తీరమునుండియే పట్టణమునకు వలసపోయి రోడ్డువార చేపలమ్ముకొను నొక స్త్రీ తన గంప తీసివేయించిరని వేసిన పిటిషను. సెలవులకు ఇంటికి పోయినపుడు ఈ సంగతి చెప్పగా అతని అప్ప యడుగును: “తమ్ముడూ, నువ్వు మన పచ్చమా, గవర్నమెంటోల పచ్చమా?” ఆ యమాయకప్రశ్నకు సమాధానము చెప్పుట ధర్మశాస్త్రపండితులకును సులభము గాదు.

ఈ ప్రశ్నకు మన ఇతిహాసమున మిక్కిలి ప్రసిద్ధమైన సమాధానము భీష్మునిది. యుద్ధారంభమున ధర్మరాజు వచ్చి నమస్కరించినపుడు, పురుషుడు అర్థమునకు దాసుడనియు, కౌరవులు తన్ను అర్థముచే బంధించిరనియు ఆ వృద్ధుడు చెప్పుకొనెను. లోకము దీనినే ఉప్పు తిన్న ఋణమనును. ఋణము తీర్చుట ధర్మమే. కాని తిన్న యుప్పు ఎవరిదో విచారింపక ఋణము తీర్చబూనుట అప్పిచ్చినవానిని విడిచి మధ్యవర్తికి సొమ్ము చెల్లించుట వంటిది. భావనపాటికి చేరువనే నౌపడ ఉప్పుమళ్లున్నవి. సముద్రపునీటిని మళ్లలో పెట్టి, ఎండలో నిలిచి, ఉప్పును పోగు చేయువారిని చూచి పెరిగినవానికి ఈ విషయము వేరుగా బోధింప నక్కరలేదు: ఉప్పు పళ్లెములో వడ్డించినవానిది గాదు, దానిని పండించినవానిది. హస్తినాపుర కోశము నిండినది దుర్యోధనుని బాహుబలముచేత గాదు, కర్షకుల పన్నులచేత. నగరపాలక సంస్థ జీతముల సంగతియు నంతే. ఇంటిపన్ను కట్టువాడును, ఆశీలు చెల్లించు గంపమనిషియు ఆ యుప్పును పండించినవారే. కావున ప్రభుత్వ న్యాయవాది ఋణపడినది కమిషనరు కుర్చీకి గాదు. ఆ కుర్చీని నిలిపిన ప్రజలకు, అనగా ఆ పిటిషను వేసిన స్త్రీకి గూడ.

ఇది కేవలము పౌరాణికుల మాట గాదు. 1973లో దిల్‌బాగ్ రాయ్ జారీ వ్యాజ్యమున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యర్, న్యాయమైన కోరికను సాంకేతికపు సాకులతో ఓడించుటకు ప్రభుత్వము పూనుకొనరాదనియు, అది సద్వర్తనముగల కక్షిదారుగా నుండవలెననియు స్పష్టపరచిరి. ప్రభుత్వముపై దావా వేయుటకు రెండునెలల ముందు నోటీసు ఇయ్యవలెనని సివిల్ ప్రొసీజర్ కోడు 80వ సెక్షను విధించుటలోని యుద్దేశ్యమును ఇదియే: ఆ యవధిలో ప్రభుత్వము తన తప్పొప్పులు తాను విచారించుకొని, ఇయ్యదగినది ఇచ్చి, వ్యాజ్యమునే నివారింప వలయునని. ఆ నోటీసును జవాబు లేక కట్టలో కట్టిపెట్టిన యాఫీసు చట్టముయొక్క యక్షరమును మిగిల్చి ఆత్మను పోగొట్టుకొన్నది.

గౌతముని న్యాయశాస్త్రము చర్చను మూడు విధములుగా విభజించినది. తత్త్వనిర్ణయము కొరకు చేయునది వాదము. ఛలముచేతనైనను గెలుపు గోరి చేయునది జల్పము. తనకు సిద్ధాంతమే లేక పరపక్షమును ఖండించుటతో తృప్తిపడునది వితండ. ఆరోపణలన్నియు అసత్యములు, రుజువుభారము పిటిషనరుదే యని ప్రతి కౌంటరులోను కనబడు వాక్యము శుద్ధ వితండ. జల్పమునకు సాక్ష్యము 1985 నాటి ఓల్గా టెల్లిస్ తీర్పులో దొరకును. బొంబాయి కాలిబాటలపై గుడిసెలు వేసికొన్న పేదలు హైకోర్టులో తమ హక్కును కొంత వదలుకొని మాటాడిరనియు, కావున దాని నెత్తరాదనియు కార్పొరేషను పక్షమున చెప్పిరి. రాజ్యాంగమునకు అట్టి ప్రతిబంధము లేదని సుప్రీంకోర్టు ఆ మాటను తోసివేసి, జీవనోపాధి జీవించు హక్కులో భాగమే యని పలికినది. అయినను కాలిబాట నడచువారి కొరకే యను కార్పొరేషనువారి అసలు మాట నిలిచినది. తొలగించు నధికారమును కోర్టు కాదనలేదు, సాధారణముగా ముందు వారిని విచారించి పిమ్మట తొలగింపుమన్నది. సంస్థ జల్పమున నోడి, వాదమున గెలిచినది. బాటకును ధర్మ మున్నది, మురుగుకాలువకును ఉన్నది. పేదవాడు వేసిన ప్రతి పిటిషనును న్యాయమే యనుట ఎదురుదిక్కున చేయు పక్షపాతము. ఓడవలసినది ఛలము మాత్రమే.

నాలుగు వారములకు వచ్చిన విద్యార్థికి సంతకము లేదు, అధికారము లేదు, అతనికేమి బాధ్యత యని యాక్షేపింప వచ్చును. దీనికి సమాధానము కౌరవసభలో దొరకును. ద్రౌపది అచట అడిగినది నిజమునకు న్యాయప్రశ్న: ధర్మరాజు ముందు తన్ను ఓడెనా, నన్ను ఓడెనా? ధర్మము సూక్ష్మమని భీష్ముడు నిర్ణయము చెప్పక విడిచెను. ధర్మము సూక్ష్మమనుట సత్యమే. దానిని మౌనమునకు ముసుగు చేసికొనుటయే దోషము. విదురుడు అప్పుడు ప్రహ్లాదుని కథ చెప్పెను. కొడుకు విరోచనునికిని అంగిరసుని పుత్రుడైన సుధన్వునికిని ప్రాణములే పణముగా వివాదము పుట్టి, తీర్పు తండ్రియొద్దకే రాగా, ప్రహ్లాదుడు తడబడి కశ్యపు నడిగెను. సభలో నింద్యము నిందింపబడనిచో ఆ పాపమున సగము సభాపతికి, పాదము చేసినవానికి, పాదము మాటాడక కూర్చున్నవారికి చెందునని విని, కొడుకుపై తీర్పు చెప్పెను. ఇట మాటాడనివారి పాలు కర్తపాలితో సమానమగుట గమనింప దగినది. వారికి సంతకముండవలెనని ఆ గణితమున నియమము లేదు. యాజ్ఞవల్క్యుడు రాగలోభభయములచే స్మృతిని తప్పిన సభ్యులకు, ఒక్కొక్కరికి వేరువేరుగ, రెట్టింపు దండనము విధించెను.  యాజ్ఞవల్క్య స్మృతిలో వ్యవహారకాండము ఆచార ప్రాయశ్చిత్తములకు నడుమ నుండుట యాలోచింప దగిన విషయము: నడవడి తప్పినచో వ్యవహారము, అదియు తప్పినచో ప్రాయశ్చిత్తమే శరణ్యము.

ఆ విద్యార్థి యెదుటి ఫైలులో, వీధివ్యాపారుల రక్షణకై 2014లో చేసిన చట్టము కోరిన సర్వే పూర్తికాలేదని తెలియజేయు కాగిత మొకటి యున్న దనుకొందము. సర్వే ముగిసి ధ్రువపత్రము లిచ్చువరకు ఎవరిని తొలగింపరాదని ఆ చట్టము మూడవ సెక్షను శాసించుచున్నది. అతడు చేయదగినది తిరుగుబాటు గాదు. కౌంటరుకు ముందొక నోటు వ్రాసి, ఈ కాగితము మనకు ప్రతికూలమని, దీనిని దాచి ప్రమాణపత్రము దాఖలు చేయరాదని పై యధికారికి తెలుపుట. న్యాయవాది కక్షిదారునకు కేవలము నోరు గారాదని బార్ కౌన్సిల్ నడవడి నియమములును చెప్పుచున్నవి. అట్టి నోటు వేళకు లేకపోయినచో ఏమగునో ఈ తీరమునకు తెలియును. సోంపేట బీలలో, అనగా చిత్తడినేలలో, తలపెట్టిన విద్యుత్కేంద్రము నెదిరించిన ప్రజలపై 2010 జూలై 14న పోలీసు కాల్పులు జరిగినవి. జాతీయ పర్యావరణ అప్పీలు ప్రాధికారము ఆ కేంద్రమున కిచ్చిన యనుమతిని రద్దుచేసినది గూడ ఆనాడే. 2011 ఫిబ్రవరిలో భావనపాటికి దాపుననే కాకరాపల్లి యందును తుపాకులు మ్రోగినవి. బీల బీడుగాదని ఫైలులో ముందే నిర్భయముగా వ్రాయబడి యుండినచో, చట్టమును తుపాకియు ఒకే దినమున పోటీపడవలసి వచ్చెడిది గాదు.

నోటు వ్రాసినను వినకున్న నేమి చేయవలె నను ప్రశ్న మిగిలియున్నది. విదురుడును కౌరవుల యుప్పు తిన్నవాడే. అతడు అడిగినప్పుడును అడుగనప్పుడును చెప్పెను; అవమానితుడై, ధనుస్సును ద్వారమున నుంచి తీర్థయాత్రకు వెడలెనని భాగవతము చెప్పుచున్నది. సభలో నిర్ణయము చెప్పక కడవరకు నిలిచిన భీష్మునికంటె, మాటాడి పిమ్మట విడిచిన విదురుడే హస్తినకు ఎక్కువ ఋణము తీర్చెను. లీగల్ సెక్షనులో గడపిన నాలుగు వారములు ఈ రెండు మార్గములను వేరుపరుప నేర్పినచో ఆ ఇంటర్న్‌షిప్ సఫలమే. నిలువదగిన ఉత్తరువును కోర్టులో నిలుపుట నేర్పరితనము. నిలువరాని యుత్తరువును కోర్టు కొట్టివేయకమునుపే ఉపసంహరింపు డని పై యధికారికి వ్రాయుట ప్రభుత్వ న్యాయవాదికి ప్రథమధర్మము.