విచారణ యజమాని ధర్మం

సంస్థను నడిపే బాధ్యత నీ భుజాల మీదికి వచ్చిన నాడు నీవు మొదట కోల్పోయేది, నీ కళ్ళతో నీవు చూసి తెలుసుకునే అవకాశం. చిన్న దుకాణం యజమాని గల్లాపెట్టె దగ్గరే కూర్చుంటాడు. ఏ సరుకు అమ్ముడుపోయిందో, ఎవరు అరువు పెట్టారో, ఏ బస్తాలో బియ్యం ముక్కిపోయాయో అతనికి తెలుసు. వంద ఊళ్ళలో శాఖలున్న సంస్థకు అధిపతి అయినవాడికి ఆ భాగ్యం లేదు. అతను చూసేదంతా ఇతరులు రాసినదే, యంత్రాలు కూడినదే. గోదాములో నిల్వ, బ్యాంకులో నగదు, రావలసిన బాకీలు, ఖాతాదారుల ఫిర్యాదులు అన్నీ సమాచార వ్యవస్థ గుండా నడిచి వచ్చి, తెర మీద అంకెలై అతని ముందు నిలుస్తాయి. వాటిని చూసి అతను ఒక నిర్ణయం తీసుకుంటాడు. ఆ నిర్ణయంతో ఒక ఇంట్లో పొయ్యి వెలుగుతుంది, మరొక ఇంట్లో ఆరిపోతుంది.

కనుక చెప్పేది శ్రద్ధగా విను. ఆ వ్యవస్థ నీకు సహాయం చేస్తుంది. నీ బదులు జవాబు చెప్పదు. అంకె తప్పయిన నాడు ఆ పాపం సాఫ్ట్‌వేర్‌కు అంటదు. విచారించకుండా సంతకం పెట్టినవాడికి అంటుతుంది.

మన పూర్వులు ఈ సంగతి ఎరుగనివారు కారు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో అక్షపటలమనే లెక్కల కార్యాలయానికి ఒక అధ్యాయమే కేటాయించాడు. అధికారులు ఏటా ఆషాఢ మాసంలో లెక్కలు తెచ్చి అప్పగించాలని నియమం పెట్టాడు. రాజధనాన్ని అపహరించే ఉపాయాలు నలభై ఉన్నాయని లెక్కించాడు. అన్నిటికంటె విలువైన నియమం గూఢచారుల ప్రకరణంలో ఉంది. చారులు ఒకరినొకరు ఎరుగకుండా ఉండాలి, ముగ్గురి మాట ఏకమైనప్పుడే రాజు ఆ వార్తను నమ్మాలి. ఒకే నోటి నుంచి మూడుసార్లు విన్నంత మాత్రాన ఒక వార్త మూడు సాక్ష్యాలు కాదని ఆయనకు తెలుసు. ఈ నాటి సంస్థాధిపతులలో ఎంతమంది ఆ నియమాన్ని పాటిస్తున్నారు? ఒకే డేటాబేసు నుంచి తీసిన పది రిపోర్టులు బల్ల మీద పరుచుకొని, పది సాక్ష్యాలు దొరికాయని తృప్తిపడేవారే ఎక్కువ.

హైదరాబాదులో 1987లో పుట్టిన సత్యం కంప్యూటర్స్ సంగతి తెలుగువారు మరువరాదు. ప్రపంచంలోని పెద్ద సంస్థలకు సమాచార వ్యవస్థలు నిర్మించి ఇచ్చిన సంస్థ అది. ఇంజనీరింగ్ చదివిన మన పిల్లలు వేల సంఖ్యలో అందులో చేరారు. కొడుకుకో కూతురికో అక్కడ కొలువు దొరికిందని తల్లిదండ్రులు గర్వపడ్డారు. 2009 జనవరి 7న ఆ సంస్థ చైర్మన్ బి. రామలింగరాజు తన డైరెక్టర్ల బోర్డుకు ఒక లేఖ రాశారు. లెక్కల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్ల రూపాయలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. 2008 సెప్టెంబరుతో ముగిసిన మూడు నెలలకు 649 కోట్ల రూపాయల నిర్వహణ లాభం ప్రకటించగా, నిజంగా మిగిలింది 61 కోట్లేనని అదే లేఖ చెప్పింది. నూటికి ఇరవై నాలుగు మిగులుతున్నదని లోకం నమ్మిన చోట నూటికి మూడే మిగిలింది.

అది ఎలా సాధ్యమైందో తెలుసుకోవడం నీకు అవసరం. అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 2011లో కోర్టుకు సమర్పించిన ఫిర్యాదులో ఆ తీరు వివరంగా ఉంది. జరగని పనికి ఆరు వేలకు పైగా బూటకపు ఇన్‌వాయిస్‌లు సృష్టించారు. వాటిని ఎక్కించడానికి 'సూపర్ యూజర్' అనే ప్రత్యేక లాగిన్ వాడారు. ఆ లాగిన్ ఉన్నవారు ఒక ఇన్‌వాయిస్‌ను కనబడేటట్టూ చేయగలరు, కనబడకుండానూ చేయగలరు. ఆ పని నిజంగా జరిగిందో లేదో చెప్పగలిగినవారు ఆయా విభాగాల అధిపతులే. సరిగ్గా వారి కంట పడకుండానే వాటిని దాచారు. ఇక బ్యాంకు నిల్వలు నిజమేనా అని అడిగే లేఖలను ఆడిటర్లు తామే బ్యాంకులకు పంపి, జవాబులు తామే నేరుగా అందుకోవాలి. ఆ పని కూడా సంస్థ యాజమాన్యం చేతికే వదిలేశారు.

యంత్రం అక్కడ పొరపాటు పడలేదు. చెప్పినట్టే కూడింది, చెప్పినట్టే చూపింది, చెప్పినట్టే దాచింది. లెక్క రాసే చెయ్యి, దాచే చెయ్యి, రుజువు తెచ్చే చెయ్యి ఒక్కటే అయిన చోట ఎంత గొప్ప వ్యవస్థ అయినా అబద్ధానికి అందమైన రూపం ఇవ్వడం తప్ప మరేమీ చేయలేదు. అందుకే ముందుగా తెలుసుకో: నీ సంస్థలో అటువంటి లాగిన్ ఎవరి దగ్గర ఉంది? దానితో చేసిన ప్రతి మార్పూ చెరపడానికి వీలులేని చిట్టాలో నమోదవుతున్నదా? ఆ చిట్టాను ఆ లాగిన్ లేని వేరొకరు నెల నెలా చదువుతున్నారా? ఈ ప్రశ్నలు సాంకేతిక సిబ్బందివని తప్పించుకోకు. ఇవి నీవి. వీటికి జవాబు తెలియకుండా పీఠం మీద కూర్చోవడం అధర్మం.

సత్యం 2009 ఏప్రిల్‌లో టెక్ మహీంద్రా చేతికి వెళ్ళింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజుతో సహా పదిమందిని దోషులుగా తేల్చింది. అప్పీలు మీద ఆ శిక్షల అమలు నిలిచింది. కోర్టు సంగతి అలా ఉండగా, ఏ పాపమూ ఎరుగక రాత్రికి రాత్రి కొలువు మీద నమ్మకం పోగొట్టుకున్న వేల మంది యువకుల వేదనకు పరిహారం ఏ తీర్పులోనూ లేదు.

మోసం చేసేవాడి చేతిలో ఉంటేనే అంకె అపాయకరమని అనుకోకు. నిజాయితీ గల సంస్థ అని పేరున్న చోట కూడా, యంత్రాన్ని మనిషి కంటె ఎక్కువగా నమ్మినప్పుడు ఎంత ఘోరం జరుగుతుందో బ్రిటన్ తపాలా సంస్థ కథ చెబుతుంది. అక్కడ ఊరూరా చిన్న తపాలా శాఖలను కాంట్రాక్టు మీద నడిపే సబ్ పోస్ట్‌మాస్టర్లు ఉంటారు. వారిలో మన దేశపు మూలాలున్నవారూ ఉన్నారు. 1999 నుంచి ఆ శాఖల్లో హొరైజన్ అనే కంప్యూటర్ లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టారు. దాన్ని నిర్మించి నడిపినది ఫుజిత్సు సంస్థ. కొద్దికాలానికే అనేక శాఖల్లో సాయంత్రం లెక్క చూస్తే నగదు తక్కువ పడినట్టు తెర చూపసాగింది. తక్కువపడిన సొమ్ము శాఖ నడిపేవారే భర్తీ చేయాలని సంస్థ పట్టుబట్టింది. తాము ఒక్క పెన్నీ కూడా తీయలేదని వారు మొరపెట్టుకున్నారు. ఈ సమస్య మీ ఒక్కరికే వచ్చిందని జవాబు విన్నామని వారిలో చాలామంది తర్వాత సాక్ష్యమిచ్చారు. అదే మాట పక్క ఊరిలో మరొకరికీ చెప్పారని అప్పుడు వారికి తెలియదు.

1999 నుంచి 2015 వరకు 900 మందికి పైగా దొంగతనం, తప్పుడు లెక్కలు వంటి నేరాల కింద శిక్షపడింది. అందులో అత్యధికం తపాలా సంస్థ తానే ప్రాసిక్యూషన్ నడిపి వేయించిన శిక్షలు. కంప్యూటర్ సరిగా పనిచేస్తున్నదని ముందు రుజువు చేయాలన్న నిబంధనను ఆ దేశం 1999 నాటి చట్టంతో తొలగించుకుంది. ఆ తర్వాత యంత్రం సరిగానే ఉందని కోర్టులు ముందుగానే అనుకునే పరిస్థితి వచ్చింది. తప్పు ఉందని నిరూపించే భారం, ఆ యంత్రం లోపల ఏముందో చూసే వీలు లేని మనిషి నెత్తిన పడింది. ఇళ్ళు అమ్ముకున్నారు, జైళ్ళకు వెళ్ళారు, ఊరి ముఖం చూడలేక తలుపులు వేసుకున్నారు. కనీసం 13 మంది ఈ వ్యవహారం వల్ల ప్రాణం తీసుకుని ఉండవచ్చని సర్ విన్ విలియమ్స్ విచారణ సంఘం 2025 జులైలో తొలి సంపుటంలో చెప్పింది.

వేల్స్‌లోని లాండిడ్నోలో తపాలా శాఖ నడిపి, 2003లో కాంట్రాక్టు కోల్పోయిన అలన్ బేట్స్ అనే ఒక మనిషి లొంగలేదు. తనలాంటివారిని వెతికి కూడగట్టాడు. 555 మంది కలిసి వేసిన దావాలో 2019 డిసెంబరులో జస్టిస్ ఫ్రేజర్, హొరైజన్‌లో లోపాలు, దోషాలు ఉన్నాయని తీర్పు చెప్పారు. శాఖ లెక్కలను బయటి నుంచి ఎవరూ తాకలేరని తపాలా సంస్థ ఏళ్ళ తరబడి చెప్పిన మాట కూడా నిజం కాదని తేలింది. 2021 ఏప్రిల్‌లో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను రద్దు చేసింది. 2024లో పార్లమెంటు చట్టమే చేసి మిగిలిన వందల మందిని నిర్దోషులుగా ప్రకటించవలసి వచ్చింది. మొదటి మొరకూ ఈ చట్టానికీ మధ్య ఇరవై ఏళ్ళకు పైగా గడిచాయి.

ఆ ఇరవై ఏళ్ళు నిర్ణయాలు తీసుకున్నవారందరూ దుర్మార్గులని నేను అనను. వారిలో చాలామంది తమ ముందున్న రిపోర్టును నమ్మారు. అయితే ఒకే రకమైన ఫిర్యాదు వందల చోట్ల నుంచి వస్తుంటే, అంతకుముందు మచ్చ లేని ఇందరు మనుషులు ఒక్కసారిగా దొంగలయ్యారా అని అడగడానికి కంప్యూటర్ విద్య అక్కరలేదు. సాధారణ మానవ వివేకం చాలు. ఆ వివేకాన్ని పక్కనపెట్టడమే వారి నేరం. గ్రంథాలు తిరగేసినా, సాఫ్ట్‌వేర్ మార్చినా ఈ నేరం నుంచి నిన్ను ఎవరూ కాపాడలేరు. కింది ఉద్యోగి వచ్చి, అయ్యా, తెర చూపేదీ నా చేతిలో ఉన్నదీ ఒకటి కాదు అన్నప్పుడు, అతని మాట నీ దాకా రావడానికి దారి ఉందా? వచ్చిన మాటను విచారించే వారు, ఆ వ్యవస్థను తెచ్చి పెట్టినవారే అయితే అది దారి కాదు.

మరొక హెచ్చరిక. నీవు ఏ అంకెను గట్టిగా కోరితే ఆ అంకె నీకు వచ్చి తీరుతుంది, నిజమైనా కాకున్నా. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు ఒక్కో కుటుంబానికి ఎనిమిది రకాల సేవలు అమ్మాలని సిబ్బంది మీద ఒత్తిడి పెట్టింది. అమ్మకాల అంకెలు పెరిగాయి. ఖాతాదారులకు తెలియకుండా వారి పేరు మీద లక్షల ఖాతాలు తెరిచారని 2016లో బయటపడింది. బ్యాంకుకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది, ఐదు వేలకు పైగా ఉద్యోగులు కొలువు పోగొట్టుకున్నారు. లక్ష్యం పెట్టినవారు పైన ఉన్నారు, శిక్ష ముందుగా పడింది కింద.

ఇదంతా విని సమాచార వ్యవస్థలను శంకించమని చెబుతున్నానని అపార్థం చేసుకోకు. గుజరాత్‌లో ఆనంద్ చుట్టుపక్కల పాల సహకార సంఘాల వైపు చూడు. ఒకప్పుడు రైతు పాలు పోసి వెళ్తే, వెన్నశాతం తర్వాతెప్పుడో పరీక్షించి లెక్క రాసేవారు. ఆ లెక్క ఎంత నిజమో రైతుకు తెలిసేది కాదు. తూకం వేసే యంత్రం, వెన్నశాతం చూసే యంత్రం, కంప్యూటర్ కలిసి వచ్చాక, పోసిన పాలు ఎన్ని, వెన్న ఎంత, రావలసిన డబ్బు ఎంత అన్నది రైతు నిలబడి ఉండగానే తేలిపోయింది. అదే లెక్క సంఘానికీ, డెయిరీకీ చేరింది. ఏ పూట ఎంత పాలు వస్తాయో ముందుగా అంచనా వేసి ట్యాంకర్లు పంపడానికీ, పాలపొడి ఎంత చేయాలో నిర్ణయించడానికీ అది ఆధారమైంది. అక్కడ వ్యవస్థ నమ్మదగినది కావడానికి కారణం యంత్రాల గొప్పతనం ఒక్కటే కాదు. లెక్క ఎవరి గురించో, ఆ మనిషి కూడా అదే లెక్కను చూడగలుగుతున్నాడు, తప్పయితే అక్కడికక్కడే కాదనగలుగుతున్నాడు. ఖాతాదారుడు, సరుకు సరఫరా చేసేవాడు, కింది ఉద్యోగి తమ గురించి రాసినది తాము చూడగలిగేటట్టు వ్యవస్థను నిర్మించు. వేల కళ్ళు నీకు ఉచితంగా కాపలా కాస్తాయి.

ఎక్కువ రిపోర్టులు ఉంటే ఎక్కువ తెలుస్తుందన్న భ్రమ కూడా విడిచిపెట్టు. నిర్ణయాలు తీసుకునే తీరు మీద జీవితకాలం పరిశోధన చేసి 1978లో ఆర్థిక శాస్త్రంలో నోబెల్ పొందిన హెర్బర్ట్ సైమన్, సమాచారం పెరిగే కొద్దీ దాన్ని పట్టించుకునే మనసు చాలకుండా పోతుందని ఎన్నడో గుర్తించాడు. రోజూ యాభై పట్టికలు చూసేవాడు ఏదీ చూడడు. నీ సంస్థ ప్రాణం ఏ నాలుగైదు అంకెల మీద ఆధారపడి ఉందో తెలుసుకుని వాటిని లోతుగా విచారించు. మిగిలినవి చూడడానికి మనుషులను నియమించుకో.

ఈ వారమే ఒక పని చెయ్యి. నీ ముందుకు వచ్చే రిపోర్టులో నీకు అన్నిటికంటె సంతోషం కలిగించే అంకెను ఎంచుకో. దుఃఖం కలిగించే అంకెను అందరూ ప్రశ్నిస్తారు; సంతోషపెట్టేదాన్ని ఎవరూ ప్రశ్నించరు. ఆ అంకె ఎక్కడ పుట్టిందో వెనక్కి వెతుక్కుంటూ వెళ్ళు. గోదాము అయితే గోదాముకు వెళ్ళి బస్తాలు లెక్కపెట్టించు. బ్యాంకు నిల్వ అయితే బ్యాంకునే నేరుగా అడుగు. దాన్ని మొదట నమోదు చేసిన గుమాస్తాను పిలిపించుకోకు, నీవే అతని బల్ల దగ్గరికి వెళ్ళు. ఆ అంకె సరికాదని అతను చెబితే, వాదించకముందు పూర్తిగా విను. విన్నాక ఆ రోజు పెట్టవలసిన సంతకాన్ని ఆపు.