నిదానించి చూడండి

కొన్ని కార్లు వుంటాయి. ఊళ్ళో ముప్ఫై, నలభైలలో నడుస్తున్నంతసేపూ వాటంత సాధువులు లేవనిపిస్తుంది. హైదరాబాదు చుట్టూ వున్న 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డెక్కి, ముల్లు ఎనభై దాటిందో లేదో, చలిజ్వరం వచ్చినట్టు స్టీరింగు వణకడం మొదలెడుతుంది. ఇంకా తొక్కితే ఒక్కోసారి ఆ వణుకు తగ్గినట్టు కూడా వుంటుంది. తీరా మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతే, సందులో రెండు చక్కర్లు కొట్టి వచ్చి, "బ్రహ్మాండంగా వుందమ్మా, ఏం లేదు" అంటాడు. అతనన్నదాంట్లో అబద్ధం లేదు. అతను నడిపిన వేగంలో నిజంగానే ఏమీ లేదు.

ఇక్కడే ఒక ప్రశ్న పుడుతుంది. ఆ లోపాన్ని వేగం తెచ్చిపెట్టిందా? లేక ముందునుంచీ వున్నదాన్ని బయటపెట్టిందా?

ప్రశ్న కార్లది మాత్రమే అయితే దాన్ని షెడ్డుకే వదిలేసేవాళ్ళం. కాని మనుషుల్నీ మనం ఇలాగే కదూ కొలుస్తాం? ఏడాదంతా నెమ్మదిగా వుండే ఇల్లాలు, పెళ్ళిపనుల్లోనో, మామగారు ఆస్పత్రిలో వున్నప్పుడో, పిల్లాడి పరీక్షల ముందో ఒక్కసారి గొంతెత్తి అరుస్తుంది. "చూశావా, అసలు స్వరూపం ఇప్పుడు బయటపడింది" అంటాం. ఆమె పక్షాన వుండేవాళ్ళు, "పాపం, ఒత్తిడండీ, ఆవిడ అలాంటిది కాదు" అంటారు. రెండూ తేలిగ్గా అనేసే మాటలే.

చక్రాన్ని అడిగితే అది ఇంకో సంగతి చెబుతుంది. బట్టలుతికే మెషీను చూడండి. ఉతుకుతున్నంతసేపూ బుద్ధిగా వుంటుంది. పిండడం మొదలెట్టాక, తడిసిన దుప్పటి ఒక పక్కకి ముద్దగా చేరిందంటే, వెనకటి గదిలోంచి ముందుగదిలోకి నడిచొస్తుందా అన్నట్టు ఎగురుతుంది. దుప్పటి బరువు పెరగలేదు, వేగం పెరిగింది. కారు చక్రానిదీ అదే కథ. మామూలు చిన్న కారు చక్రంలో ఒక పక్క ముప్ఫై గ్రాములు, అంటే గుప్పెడు వేరుశనగ పలుకుల బరువు, ఎక్కువ వుందనుకుందాం. గంటకు 40 కిలోమీటర్ల వేగంలో అది చక్రాన్ని లాగే బలం ముప్పావు కిలో చిల్లర. కారు దాన్ని లెక్కచెయ్యదు. వంద వేగంలో అదే ముప్ఫై గ్రాములు దాదాపు అయిదు కిలోల బలంతో, సెకనుకి పధ్నాలుగు పదిహేనుసార్లు కుదుపుతాయి. వేగం రెట్టింపైతే కుదుపు బలం నాలుగింతలవుతుంది. పైగా చక్రానికీ దాన్ని మోసే స్ప్రింగులకీ తమదంటూ ఒక వూపు వుంటుంది. ఆ వూపూ ఈ కుదుపూ ఒకే తాళంలో పడ్డచోట వణుకు విజృంభిస్తుంది. అది దాటితే తగ్గినట్టు కనిపిస్తుంది. లోపలి కుదుపు మాత్రం తగ్గదు, పెరుగుతూనే వుంటుంది.

కాబట్టి ఆ రెండు పక్షాలవాళ్ళూ సగమే చెప్పారు. ముప్ఫై గ్రాముల తేడా వున్నమాట నిజం. అది లేదనడం అబద్ధం. కాని వంద వేగంలో చూసి ఆ మనిషిలో అయిదు కిలోల లోపం వుందనడం అన్యాయం. ముప్ఫై గ్రాములు లేని చక్రం ఎక్కడుంది గనక! మన తాతల కాలంలో ఎడ్లబండి చక్రానికి ఎవరూ బాలెన్సింగు చేయించలేదు. ఆ చక్రాలు సమంగా వున్నాయని కాదు, వాటికి ఆ వేగం రాలేదంతే. ఇవాళ్టి ఇల్లాలి రోజుకి మాత్రం వచ్చింది.

సరే, వణుకుతోంది. కారణం ఎలా తెలుసుకోవడం?

ఆయుర్వేదంలో రోగం కనిపెట్టే శాస్త్రానికి నిదానమని పేరు. వెయ్యేళ్ళు పైబడిన మాధవనిదానం అనే గ్రంథం అచ్చంగా ఆ పనికోసం రాసిందే. తెలుగులో మనం అదే మాటని తాపీ అన్న అర్థంలో వాడుకుంటాం. సంస్కృతంలో మూలకారణం, తెలుగులో తొందరపడకపోవడం. రెండర్థాలూ ఒక్క మాటలో కాపురం చెయ్యడం నాకు ఎంతో బాగుంటుంది. తొందరపడేవాడికి మూలకారణం ఎన్నడు దొరికింది కనక?

వైద్యులు రోగాన్ని తెలుసుకునే దారులు అయిదు చెప్పారు. కారణం, ముందస్తు సూచనలు, లక్షణాలు, రోగం ముదిరిన క్రమం, వీటితోపాటు ఉపశయం. ఉపశయమంటే, ఒక మందో పథ్యమో ఇచ్చి, దానికి నెమ్మదించిందా లేదా అన్నదాన్ని బట్టి రోగాన్ని పోల్చుకోవడం. మంచి మెకానిక్కు కూడా ఇవన్నీ చేస్తాడు, పేర్లు తెలియకపోయినా.

ముందు చక్రాల నట్లు బిగువుగా వున్నాయో లేదో చూస్తాడు. వదులైన నట్లతో పెద్ద రోడ్డెక్కడం ప్రాణం మీదికి వస్తుంది. తరవాత అడుగుతాడు: వణుకు చేతికి తెలుస్తోందా, కూర్చున్న సీటుకి తెలుస్తోందా? స్టీరింగు వణికితే చాలామటుకు ముందు చక్రాలు, సీటూ నేలా అదిరితే వెనక చక్రాలు. బ్రేకు వేసినప్పుడే వస్తే బ్రేకు డిస్కుల్ని అనుమానించాలి. యాక్సిలరేటరు తొక్కినప్పుడు వచ్చి, కాలు తియ్యగానే పోతే, ఇంజను నుంచి చక్రాలకి శక్తి అందించే షాఫ్టుల కీళ్ళు చూడాలి. కారు నిలబెట్టి ఇంజను హోరెత్తించినా వణికితే అసలు చక్రాల జోలికే పోనక్కర్లేదు. వానాకాలంలో రిమ్ములోపల బురద గడ్డకట్టినా, నెలల తరబడి కదలక నిలబడి టైరు ఒకచోట చదునైనా వణుకుతుంది. ఇంకా తేలకపోతే ముందు చక్రాలు వెనక్కీ వెనకవి ముందుకీ మార్చి చూస్తాడు. వణుకు చేతిలోంచి సీటులోకి మారిందా, దొంగ దొరికినట్టే. అదే ఉపశయం.

ఈ ప్రశ్నల్లో ఒక్కటైనా "ఈ కారు మంచిదా చెడ్డదా" అని వుందా? ఎప్పుడు, ఎక్కడ, ఏం చేస్తున్నప్పుడు, ఏం మానితే తగ్గుతోంది, ఇవే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనకి ఇంత ఓపిక వుండదు. స్టీరింగు వణికింది గనక స్టీరింగే చెడిందని తేల్చేస్తాం. ఇంట్లో కూడా, పగ్గాలు ఎవరి చేతిలో వుంటే ఆ చేతికే వణుకు తెలుస్తుంది. పాలవాడి లెక్క, అత్తగారి మందులు, ఆడబిడ్డ పురిటి ఖర్చు, ఆఫీసులో ఆడిటు, అన్నీ వచ్చి ఆమె చేతుల్లోనే అదురుతాయి. గిన్నె కాస్త గట్టిగా పెట్టిందంటే, "ఈవిడకి ముక్కుమీద కోపం" అని పేరు పెడతారు. బరువు ఏ చక్రంలో ఏ పక్కకి చేరిందని అడిగేవాళ్ళు తక్కువ. ఒక్క నెలరోజులు మందుల పని ఒకరూ పాలవాడి లెక్క ఇంకొకరూ మార్చుకుని చూస్తే కోపం ఎవరి సొంతమో తెలిసిపోతుంది. ఈ ఉపశయానికి ఖర్చు కూడా వుండదు!

వైద్యం విషయంలోనూ చక్రం మనకో సంగతి నేర్పుతుంది. బరువెక్కిన చోట చెక్కెయ్యరు. మిషను మీద చక్రాన్ని తిప్పి, బరువు తక్కువైన పక్కన చిన్న లోహపు ముక్క తగిలిస్తారు. అంతే, వణుకు పోతుంది. అంటే ఎక్కువ మోస్తున్నవాళ్ళకి ఓర్పు గురించి ఉపన్యాసం ఇవ్వడం కాదు, తక్కువ మోస్తున్నవాళ్ళ భుజం మీద కొంచెం పెట్టాలి. మన ఇళ్ళల్లో సర్దుకుపోవడమంటే బరువున్న చోటే ఇంకో ముక్క తగిలించడమైపోయింది. అలా చేస్తే ఏ చక్రమైనా వణక్క ఏం చేస్తుంది?

ఇంకొక్క మాట కూడా చెప్పకపోతే తప్పవుతుంది. అన్ని వణుకులూ సర్దితే పోయేవి కావు. టైరు పక్క గోడమీద పొక్కులాగా ఉబ్బిందంటే లోపలి దారాలు తెగాయని అర్థం. దానికి ఎన్ని ముక్కలు తగిలించినా లాభం లేదు. మిషను సున్నా చూపించినా అది ఏదో ఒకరోజు రోడ్డుమీద పేలుతుంది. దాన్ని మార్చెయ్యాల్సిందే. చెయ్యిచేసుకునే మొగుడితోనూ, బెదిరించి బతికే బంధువుతోనూ "కాస్త సర్దుకుపో తల్లీ" అనే పెద్దలు ఉబ్బిన టైరుకి బాలెన్సింగు చేస్తున్నారు. ముప్ఫై గ్రాముల తేడాకి కాపురాన్ని తీసిపారెయ్యడం ఎంత తొందరపాటో, తెగిన దారాల్ని ముప్ఫై గ్రాముల తేడా అనుకోవడం అంతకంటే పెద్ద తొందరపాటు. ఏది ఏదో తెలియాలంటే నిలబెట్టి, వంగి, చక్రం లోపలి వైపు కూడా చూడాలి.

ఏం చేసినా చెయ్యకూడని పని ఒకటుంది. వణుకు ఎనభైలో మొదలవుతోంది గనక ఎప్పుడూ అరవైలోనే పోదామనుకోవడం. చాలా ఇళ్ళు అలాగే నడుస్తాయి. ఆ మాట ఎత్తకూడదు, ఆయన దగ్గర డబ్బు సంగతి తేకూడదు, పండక్కి ఫలానావాళ్ళని పిలవకూడదు. కుదుపు వుండదు, నిజమే. కాని ఏదో ఒక అర్ధరాత్రి, ఇంట్లో ఎవరికో గుండెనొప్పి వచ్చి, ఆస్పత్రికి నూరు మీద పరిగెత్తాల్సి వస్తుంది. ఆ వేళ చక్రం మన సౌకర్యం చూడదు.

అందుకని పని తొందర లేని ఒక ఆదివారంపూట చూయించుకోవడం మంచిది, కారునైనా, కాపురాన్నైనా.