ఎవరికి చెప్పాల్సిన లెక్క

నా దగ్గర ఒక రెండొందల పేజీల నోటుపుస్తకం ఉంది. అందులో 2023 అక్టోబర్ 20 నాటి పేజీలో ఇలా ఉంటుంది: "మదనపల్లె – పుంగనూరు – పలమనేరు – వి.కోట – కుప్పం. సైకిల్. 112. రివెండెల్ చేరాను." ఊళ్ళ పేర్లు నిజం. ఆ రోజు ఆ ఊళ్ళన్నీ దాటాను. రివెండెల్ కల్పన, అది లోకంలో ఎక్కడా లేదు. మధ్యలో ఉన్న "సైకిల్" అన్న మాట మాత్రం అబద్ధం. నిజం, కల్పన, అబద్ధం మూడూ ఒకే వాక్యంలో ఒకదాని పక్కన ఒకటి కూర్చున్నాయి. వాటిలో నన్ను ఇబ్బంది పెడుతున్నది మూడోదొక్కటే. ఎందుకు పెడుతోందో తేల్చుకుందామని ఇది రాస్తున్నాను.

సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం. టోల్కిన్ రాసిన 'లార్డ్ ఆఫ్ ద రింగ్స్'లో ఫ్రోడో తన ఇంటి నుంచి అగ్నిపర్వతం దాకా పోతాడు. 1981లో కారెన్ విన్ ఫాన్‌స్టాడ్ అనే ఆవిడ ఆ కల్పిత లోకానికి అట్లాస్ ఒకటి వేసింది. అందులోని దారులను కొలుచుకుని, ఇంటి నుంచి రివెండెల్‌కి 458 మైళ్ళు, మొత్తం 1779 మైళ్ళు అని అభిమానులు లెక్క కట్టారు. మన కొలతలో 2863 కిలోమీటర్లు. నువ్వు మీ వీధిలో ఎంత నడిస్తే ఆ దారి మీద అంత ముందుకు జరిగినట్టు. పాల ప్యాకెట్ కోసం వెళ్ళొచ్చినా సరే, మోర్డోర్ అర కిలోమీటరు దగ్గరవుతుంది. ప్రపంచమంతటా చాలామంది ఇరవై యేళ్ళ పైనుంచీ ఆడుతున్న ఆట ఇది.

కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయంలో చదివే రోజుల్లో ఆ పుస్తకం చదివాను. తర్వాత ఉద్యోగం ఇంటి నుంచే అయ్యాక మదనపల్లెలో మంచానికీ కుర్చీకీ మధ్య నా ప్రయాణాలన్నీ ముగిసిపోతుంటే, ఈ ఆట మొదలుపెట్టాను. కొంచెం అతి చేశాను కూడా. ఫ్రోడో బయలుదేరింది సెప్టెంబర్ 23న, రివెండెల్ చేరింది అక్టోబర్ 20న. నేనూ అవే తేదీలు పెట్టుకున్నాను. 28 రోజుల్లో 737 కిలోమీటర్లు. నడిచినా తొక్కినా ఫర్వాలేదు, కానీ నా కాళ్ళతోనే కదలాలి. అదొక్కటే నియమం. పెట్టినవాడినీ నేనే.

తెల్లవారుజామున సైకిల్, సాయంత్రం నడక. టమాటా మార్కెట్ వైపు లారీల మధ్య నుంచి పోతూ, ఇది ఏ అడవి అయి ఉంటుందా అనుకునేవాణ్ణి. ధర పడిపోయిన రోజుల్లో రోడ్డు పక్కన పారబోసిన టమాటాల పులిసిన వాసనకి ఏ కల్పనా నిలబడదు, అది వేరే సంగతి. హార్స్‌లీ కొండ ఎక్కిన ఆదివారం మాత్రం మబ్బులు కిందికి దిగి కథకి బాగా సహకరించాయి. జిడ్డు కృష్ణమూర్తి పుట్టింది మా ఊళ్ళోనే. 1929లో తన పేరు మీద నడుస్తున్న సంస్థను తనే రద్దు చేస్తూ, సత్యానికి దారంటూ లేదని చెప్పినాయన. ఆ ఊరివాణ్ణయిన నేను లేని ఊరికి దారి లెక్కలు రాసుకుంటున్నాను.

ఆటలో మోసం చేయకపోయినా ఇదంతా ఒక అబద్ధమే కదా అని ఒక స్నేహితుడు అన్నాడు. నువ్వు రివెండెల్ దగ్గరికి పోవట్లేదు, నీరుగట్టువారిపల్లె దగ్గరికి పోతున్నావు అని. నేను వినాయకుణ్ణి సాక్షిగా పిలిచాను. తల్లిదండ్రుల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, లోకంలోని తీర్థాలన్నీ తిరిగినట్టే అన్నాడు కదా. ఇక్కడి అడుగును అక్కడి దూరంగా మార్చుకోవడం మనకు కొత్తేం కాదు. "అక్కడ మోసపోయింది కుమారస్వామి. ఇక్కడ ఎవరు?" అన్నాడు వాడు. ఎవరూ లేరు అన్నాను. అప్పటికి ఆ జవాబు నాకు సరిపోయింది.

ఈ ఆటకి అందరికంటే నమ్మకంగా కట్టుబడిన మనిషి గురించి తర్వాత చదివాను. ఆల్బర్ట్ స్పీర్. హిట్లర్ దగ్గర ఆయుధాల మంత్రి. నూరెంబర్గ్‌లో ఇరవై యేళ్ళ శిక్ష పడి బెర్లిన్‌లోని స్పాండావ్ జైల్లో ఉన్నవాడు. 1954లో జైలు తోటలో ఒక చుట్టు ఎంత దూరమో తన బూటుతో కొలుచుకున్నాడు, 270 మీటర్లు. ఆ చుట్లను కలుపుకుంటూ ముందు బెర్లిన్ నుంచి హైడెల్‌బర్గ్‌కి, తర్వాత ఆసియా మీదుగా, బేరింగ్ జలసంధి దాటి అమెరికా ఖండంలోకి ఊహలో నడుచుకుంటూ పోయాడు. చుట్ల లెక్క తప్పకుండా చిక్కుడు గింజలు ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మార్చుకొమ్మని సలహా ఇచ్చింది తోటి ఖైదీ రుడాల్ఫ్ హెస్. 1966లో విడుదలయ్యే నాటికి మెక్సికోలో గ్వాడలహారాకి దక్షిణాన ఉన్నాడు. మొత్తం 31,816 కిలోమీటర్లు.

ఇది చదివినప్పుడు నాకు మొదట కలిగింది గౌరవం, దాచుకోవడం ఎందుకు. పన్నెండేళ్ళ పాటు ఒక గింజ తప్పు వేయకుండా! ఆ తర్వాత సిగ్గేసింది. బందీలను, శిబిరాల్లోని ఖైదీలను ఫ్యాక్టరీల్లో చచ్చేదాకా పని చేయించిన వ్యవస్థను నడిపినవాడు అతను. యూదుల విషయంలో తనకేం తెలుసో చివరిదాకా సూటిగా చెప్పలేదు. గింజల దగ్గర మాత్రం నిక్కచ్చి. నిజాయితీ కూడా ఖర్చు పెట్టుకునే వస్తువేనేమో, ఏమీ పోని చోట ధారాళంగా ఖర్చు పెట్టి, పోయేచోట చేయి బిగించుకోవచ్చు. లెక్క సరిగ్గా రాసేవాడు మంచివాడని ఏమీ లేదు. అయితే లెక్క తప్పు రాయడం చిన్న విషయమేనా? నా అవసరానికి ఈ వాదన బాగానే పనికొచ్చేది. స్పీర్‌ని చూపించి నా నోటుపుస్తకాన్ని నేను క్షమించుకోవచ్చు. నాకది ఎందుకో మింగుడు పడలేదు.

మా అమ్మ ఆంజనేయస్వామి గుళ్ళో నూటెనిమిది ప్రదక్షిణలు చేసేటప్పుడు చింతగింజలు పెట్టుకుంటుంది. మధ్యలో ఎవరైనా పలకరించి గింజ వేసిందో లేదో అనుమానం వస్తే, వేయలేదనే అనుకుని ఇంకో చుట్టు తిరుగుతుంది. ఎప్పుడూ ఎక్కువ వైపే తప్పుతుంది. నేను తప్పింది రెండో వైపు.

అక్టోబర్ 20 పొద్దుటికి నేను నూటపది కిలోమీటర్లు వెనకబడి ఉన్నాను. మధ్యలో రెండు రోజులు వాన, ఒక రోజు జ్వరం. దసరా సెలవులు. చీకట్లోనే బయలుదేరి కుప్పం దాకా తొక్కేద్దామనుకున్నాను. పుంగనూరు దాకా ఏమీ తెలియలేదు. పలమనేరులో తిన్న ఇడ్లీలు కూడా గుర్తున్నాయి. ఏనుగులు తిరిగే ప్రాంతమని బోర్డులున్న రోడ్డు మీద ఎండ నెత్తికెక్కింది. వి.కోట దగ్గర చైన్ తెగింది. తెగిన చైన్‌ని అతికించే షాపు పండగకి మూసి ఉంది. ఇంకా ముప్పై చిల్లర కిలోమీటర్లు. సాయంత్రం కుప్పం బస్సు వస్తే సైకిల్ పైకెక్కించాను. కండక్టర్ లగేజీ టికెట్ కొట్టాడు. రాత్రి కుప్పంలో స్నేహితుడి గదిలో కూర్చుని ఆ వాక్యం రాశాను. టికెట్‌ని అదే పేజీలో పెట్టుకున్నాను. ఎందుకో ఇప్పటికీ తెలియదు.

రాసేటప్పుడు సమర్థింపు సిద్ధంగా ఉంది. ఫ్రోడో కూడా రివెండెల్‌కి నడిచి పోలేదు. భుజానికి కత్తిపోటు తగిలి, చివరి దారంతా గ్లోర్‌ఫిండెల్ ఇచ్చిన గుర్రం మీద పోయాడు. అభిమానులు కట్టిన 458 మైళ్ళలో ఆ గుర్రం మైళ్ళూ ఉన్నాయి. ఆ మాటకొస్తే చివర్లో అగ్నిపర్వతం మీద శామ్ అతన్ని వీపు మీద మోసుకెళ్ళాడు. ఆ అడుగులు ఎవరి ఖాతాలో వేయాలి? మన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసులో బయలుదేరి 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. కాశీయాత్ర చరిత్ర ఆయనది. మోసిన కాళ్ళు బోయీలవి. నడిచినవాళ్ళు రాయలేదు, రాసినవాడు ఎక్కువగా నడవలేదు. ఇంత గొప్ప సంప్రదాయం ఉండగా ఒక పల్లెవెలుగు బస్సు ఏపాటి?

కానీ వీరాస్వామయ్య బోయీలను దాచిపెట్టలేదు. పుస్తకంలో వాళ్ళు ఉన్నారు. టోల్కిన్ గుర్రాన్ని దాచలేదు. నేను "బస్సు" అని రాసి ఉంటే గొడవే లేదు. రాస్తే రివెండెల్ రాదు. అందుకని రాయలేదు.

హాబ్స్ 1651లో రాసిన 'లెవయథన్'లో ఒక తర్కం ఉంది. కట్టు వేయగలిగినవాడే విప్పనూ గలడు, కాబట్టి తనకు తానే కట్టుబడినవాడు అసలు కట్టుబడనట్టే అంటాడు. రాజు గురించి చెప్పాడు గానీ నా నోటుపుస్తకానికీ సరిపోతుంది. నియమం నాది, మినహాయింపూ నాదే. ఇందులో అబద్ధానికి చోటెక్కడ? చాలా రోజులు దీని దగ్గరే ఆగిపోయాను. తర్కంలో తప్పు కనపడదు, ఆ పేజీ మాత్రం తిప్పబుద్ధి కాదు.

దాన్ని విప్పింది మా నాయన. ఆయన హాబ్స్‌ని చదవలేదు, ఫ్రోడోని అసలే ఎరగడు. పాతికేళ్ళు సైకిల్ క్యారియర్ మీద చీరల మూట కట్టుకుని పుంగనూరు చుట్టుపక్కల పల్లెల్లో కంతులకు అమ్మినాడు. ఇప్పుడు మోకాళ్ళు పోయి ఇంట్లోనే ఉన్నాడు. ఒకరోజు ఆయన దూరాన్ని కూడా లెక్క కట్టాను. రోజుకి పాతిక కిలోమీటర్లు, నెలకి ఇరవై రోజులు, పాతికేళ్ళు. లక్షా యాభై వేలు. ఫ్రోడో ప్రయాణం యాభై సార్లకు పైన. స్పీర్ నాలుగైదు సార్లు పుట్టాలి. ఆ అంకె చూసి నాకు ఒళ్ళు జలదరించింది. ఆయనకు చెబితే సంతోషిస్తాడనుకున్నాను.

"యాడికి పోతి రా నేను? పొద్దన్నే పోతి, మాపిటికి ఇంటికే వస్తి గదా" అన్నాడు.

నేను ఆయన కష్టానికి ఒక కథ తొడగాలని చూశాను. ఆయనకు అది పట్టలేదు. నాకు కొంచెం కోపం కూడా వచ్చింది. తర్వాత అనిపించింది, ఆ దూరం ఆయన ఎక్కడికో పోవడానికి తొక్కింది కాదు, నా ఫీజుల కోసం తొక్కింది. దాన్ని మోర్డోర్ దారిలో పరిచేసి ముచ్చటపడే హక్కు నాకు ఎవరిచ్చారు? వినాయకుడు చేసిన మార్పిడి తను తిరిగిన చుట్లతోనే. ఇంకొకరి అడుగులతో కాదు.

ఆయనకూ ఒక పుస్తకం ఉంది. బాకీలది. దూరాలుండవు, పేర్లూ చీరలూ కంతులూ ఉంటాయి. అక్కడక్కడా అడ్డంగా గీతలు. ఇవేంది నాయనా అంటే, చచ్చిపోయినోళ్ళవీ, మొగుడు వదిలేసినోళ్ళవీ, ఇంక ఇవ్వలేనోళ్ళవీ అన్నాడు. వాళ్ళకు చెప్పినావా అంటే, "చెప్తే చిన్నతనంగా ఉండదా వాళ్ళకి? ఊరికే ఆ ఇంటి ముందర బెల్లు కొట్టకుండా పొయ్యేవాణ్ణి" అన్నాడు. అప్పుడు నా లగేజీ టికెట్ కథ చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. చేతిలోకి నా పుస్తకం తీసుకుని, నోట్లో వేలు తడుపుకుని పేజీలు తిప్పినాడు.

"కొట్టేసేది అప్పిచ్చినోడు రా. తీసుకున్నోడు కొట్టేసుకుంటే ఎట్ల?"

రెండూ నేనే కదా అన్నాను. హాబ్స్ వాదనంతా మదనపల్లె తెలుగులో చెప్పాను. ఆయన కాసేపు చూసి, "నియమం పెట్టిన పొద్దు నీకు ఆయాసం లేదు. బస్సెక్కిన పొద్దు ఉండె. ఇద్దరూ ఒకడేనా?" అని పుస్తకం చేతిలో పెట్టి లేచిపోయాడు.

ఇద్దరూ ఒకడే, కానీ ఒకే చోట నిలబడి లేరు. సెప్టెంబర్ 23న నియమం పెట్టినవాడు, రాబోయే నన్ను నమ్మి అప్పిచ్చాడు. అక్టోబర్ 20 రాత్రి నేను ఆయన్ని అడగలేదు. అడిగి ఉంటే, చైన్ తెగింది కదా, పోనీలే అనేవాడేమో. అడక్కుండా, ఆయన చేతిరాతతోనే గీత కొట్టేశాను. నియమం మార్చుకోవడం వేరు, మార్చలేదన్నట్టు రాయడం వేరు. హాబ్స్ చెప్పింది మొదటిదాని గురించి. రెండోదానికి ఆయన సాయం రాడు. మోసపోయింది ఎవరని అడిగిన స్నేహితుడికి ఇప్పుడైతే వేరే జవాబు చెబుతాను. ఆ పుస్తకాన్ని పదేళ్ళ తర్వాత తెరిచి, "అబ్బా, ఒక్కరోజులో కుప్పం దాకా తొక్కినానే" అని సంబరపడబోయే ఒక నడివయసు మనిషి. అతనికి ఈ బస్సు గుర్తుండదు. టికెట్ మీది సిరా అప్పటికి ఎటూ వెలిసిపోయి ఉంటుంది.

సంక్రాంతికి ముందు ఒక ఆదివారం సైకిల్‌ని మళ్ళీ బస్సెక్కించి వి.కోట పోయాను. ఆ చైన్ తెగిన చోటు నుంచి కుప్పం దాకా తొక్కాను. రెండు గంటలు కూడా పట్టలేదు. అంత చిన్న దూరానికా ఇదంతా అనిపించింది. ఆ రోజుది కొత్త పేజీలో రాసి, అక్టోబర్ పేజీలో "సైకిల్" పక్కన "వి.కోట దాకా. తర్వాత బస్సు" అని ఎర్ర పెన్నుతో చేర్చాను. పాతమాట చెరపలేదు. రివెండెల్ చేరిన తేదీ మాత్రం ఏది రాయాలో తేలలేదు. కొట్టేసిన అక్టోబర్ 20 పక్కన ఇంకా ఖాళీగానే ఉంది.

ఇంటికొచ్చాక నాయన ఇంకెంత ఉంది అని అడిగాడు. 2126 అన్నాను.

"తిరిగొచ్చేది కలిపేనా?"

ఆ లెక్కలో తిరుగుదారి లేదు. అగ్నిపర్వతం దగ్గర ఆగిపోతుంది. అదే చెప్పాను.

"మళ్ళ ఇంటికెట్ల వస్తాడు ఆ పిల్లోడు?" అన్నాడు.