కొలనుకి నాలుగో వైపు

మన అచ్యుతాపురం వైపు ఇల్లు కట్టేవాళ్లు ప్రహరీ మీద గట్టిగా పట్టుపడతారు. పశువులు మొక్కల్లో పడకూడదు, దొంగలు దూరకూడదు. గోడ ఉండేది బయటివాళ్లని ఆపడానికేనని మన లెక్క. అదే లెక్కతో సిడ్నీలో స్విమ్మింగ్ పూల్ ఉన్న ఇల్లు కొన్నవాళ్లకి ఇక్కడి చట్టం వింతగా తోస్తుంది. పెరటి చుట్టూ ప్రహరీ ఉంటే సరిపోదు, కొలనుకీ ఇంటికీ మధ్య కూడా కంచె ఉండాలంటుంది. మన ఇంట్లోంచి మన పెరట్లోకి వెళ్లడానికి గేటెందుకని అడగనివాళ్లు అరుదు.

ఎందుకంటే ఆ కొలనులో పడే పసివాడు తరచూ ఆ ఇంటి బిడ్డే. వీధిలోంచి రాడు, వంటగది తలుపు తోసుకుని వస్తాడు. మూడు వైపులా గోడ, నాలుగో వైపు ఇల్లు ఉన్న కొలను కన్నా, నాలుగు వైపులా కంచె ఉన్న కొలను పిల్లలకి భద్రమని పరిశోధనలు తేల్చాయి.

సిడ్నీ ఉన్న న్యూసౌత్‌వేల్స్‌లో 1992 నుంచి దీనికి ప్రత్యేక చట్టమే ఉంది. కంచె కనీసం 1.2 మీటర్ల ఎత్తుండాలి. కింద సందు 10 సెంటీమీటర్లు మించకూడదు. గేటు కొలను వైపు కాకుండా బయటికి తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతటదే మూసుకుని గడియ పడాలి. పిల్లలు ఎక్కడానికి వీలిచ్చే కుర్చీలు, పూలకుండీలు కంచె దగ్గర ఉండకూడదు. పూల్‌ని ప్రభుత్వ రిజిస్టర్‌లో నమోదు చేయించాలి.

ఇన్ని చేయించి, పండగ రోజున ఆ గేటుకే కుర్చీ అడ్డం పెట్టి తెరిచి ఉంచితే ఏం లాభం? వ్రతమో పుట్టినరోజో, ఇంటినిండా జనం, వడ్డనలకి అటూ ఇటూ తిరగాలి. ఇంతమంది పెద్దలం ఉన్నాం కదా అని అందరికీ ధీమా. తల్లి అమ్మమ్మ చూస్తోందనుకుంటుంది, అమ్మమ్మ మేనమామ చూస్తున్నాడనుకుంటుంది. మునిగే పసివాడు సాధారణంగా కేక వేయడు, చప్పుడే ఉండదు. ఊరి నుంచి వచ్చిన పెద్దలు చూసినా, వారిలో ఎందరికి ఈత వచ్చు? పదిమంది కళ్లకన్నా నాకు ఆ ఒక్క గడియ మీదే నమ్మకం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2021లో నీట మునిగి దాదాపు 3 లక్షల మంది చనిపోయారు. వారిలో నాలుగో వంతుకి దగ్గరగా అయిదేళ్లలోపు పిల్లలే. నీటి దగ్గరికి పిల్లలు వెళ్లకుండా అడ్డు కట్టడం ఆ సంస్థ చెప్పే ముఖ్యమైన జాగ్రత్తల్లో ఒకటి.

ఊళ్లో కొలనులు లేవు కదా అనుకోవద్దు. 2022 జులైలో మన అచ్యుతాపురం దగ్గరి పూడిమడక తీరంలో ఆరుగురు ఇంజనీరింగ్ విద్యార్థులని సముద్రం మింగింది. సముద్రానికి కంచె వేయలేం. కానీ సంపు, నేలనుయ్యి, సెప్టిక్ ట్యాంకు మన చేతిలోనివే. మనం పంపిన డబ్బుతో లేచే ఇళ్లలో ప్రహరీకి గ్రానైటు పలకలు అతికిస్తారు, సంపు మీద మాత్రం ఓ రేకు ముక్క పడేస్తారు. ఆ సంపు ఉండేది ప్రహరీ లోపలే, మన పిల్లలు ఆడుకునే చోటే. నాలుగో వైపు అక్కడా తెరిచే ఉంది.

ఈ వేసవిలో విందుకి పిలిచే ముందు మీ గేటు తనంతట మూసుకుని గడియ పడుతోందో లేదో ఒకసారి చూడండి. ఊళ్లో ఇల్లు కట్టిస్తున్నవాళ్లు సంపుకి తాళం పడే మూత, నూతి చుట్టూ ఎత్తయిన గోడ లెక్కలో రాయమని మేస్త్రీకి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి.