శివపూజలో గన్నేరు

గన్నేరు ఏడాది పొడవునా పచ్చగా ఉండే పూలపొద. నరసరావుపేట ఎండల్లోనూ ఇంటి దొడ్లో నీటికరువును ఓర్చుకుని పూస్తుంది. దళసరి ఆకులు కణుపుకు మూడేసి చొప్పున వస్తాయి. ఆకు అడుగున శ్వాసరంధ్రాలు చిన్న గుంటల్లో, నూగు చాటున ఉంటాయి. వడగాలి వాటికి సూటిగా తగలదు కాబట్టి తేమ త్వరగా పోదు. జానెడు ముదురు కొమ్మ నాటి, వేరు పట్టేదాకా నీళ్లు పోస్తే చాలు. నల్లరేగడిలో వాన నీరు నిలుస్తుంది గనుక మట్టి ఎత్తు చేసి నాటాలి. పూత కొత్త చిగుళ్ల కొసన వస్తుంది కాబట్టి, ఒక విడత పూలు అయ్యాక కొమ్మలు కత్తిరించాలి.

ఎండ నుంచి ఆకు కాపాడితే, పశువుల నుంచి విషం కాపాడుతుంది. ఆకు, పువ్వు, వేరు అన్నిటిలోనూ ఉండే ఒలియాండ్రిన్ వంటి పదార్థాలు గుండె లయను చెడగొడతాయి. మేకలు కూడా సాధారణంగా దీని జోలికి పోవు.

కోటప్పకొండ త్రికోటేశ్వరుణ్ణి కొలిచే ఈ సీమలో శివపూజకు గన్నేరు కోయడం మామూలే. విషమున్న పువ్వు దేవుడికి ఎలా తగింది? ఆయుర్వేదం ఉపవిషాల్లో చేర్చిన జిల్లేడు, ఉమ్మెత్త, గన్నేరు మూడూ శివుడికి ప్రీతి అనే చెబుతారు. హాలాహలాన్ని ఆయన మింగలేదు, ఉమ్మలేదు, కంఠంలో నిలిపాడు. అంటే విషాన్ని కాదనకుండా, దానికి తగిన చోటు చూపాడు. మొక్కకు విషం పాపం కాదు, ప్రాణరక్షణ. కీడు దాన్ని తగని చోట పెట్టే మనిషి చేతిలో ఉంది.

అలాగని పూజలో పెట్టినంత మాత్రాన విషం అమృతమైపోదు. భక్తి వస్తువు గుణాన్ని మార్చదు, మనిషి నడతను మార్చాలి. 2024 మే నెలలో కేరళలోని తిరువాన్కూరు దేవస్వం బోర్డు గన్నేరును నైవేద్యంలో, ప్రసాదంలో వాడవద్దంది. మిగతా పూజకు అడ్డు చెప్పలేదు. ఆ నిర్ణయం పూజకు తగినదాన్నీ తినడానికి తగినదాన్నీ వేరు చేసింది.

ఇంట్లోనూ అదే పద్ధతి. గన్నేరు పూలు తీర్థంలో, నైవేద్యంలో పడకూడదు. కోసిన చేతులు కడుక్కోవాలి. కత్తిరించిన కొమ్మలు గడ్డిమోపులో కలవకూడదు. పొగ కూడా హానికరం కాబట్టి తగలబెట్టకూడదు. ఆకూ పువ్వూ నోట పెట్టకూడదని పిల్లలకు ముందే చెప్పాలి. ఇతరుల ప్రాణం పట్ల చూపే ఈ జాగ్రత్త కూడా శివార్చనలో భాగమే.