కుండ సంగతి చెప్పాలా, వద్దా?

ఈ జూన్‌లో మా అమ్మాయిని ఆరో తరగతిలో చేర్పించడానికి మా ఊరి ఉన్నత పాఠశాలకు వెళ్ళాం. నలభై ఏళ్ళ క్రితం మేము చదివిన బడే అది. అప్పట్లో మా నాన్న ఆ ఆఫీసు గది గుమ్మం బయట చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఇప్పుడు ప్రధానోపాధ్యాయిని కుర్చీ చూపించి "కూర్చోండి సార్" అన్నారు. దరఖాస్తులో మతం దగ్గర బౌద్ధం అనీ, కులం దగ్గర షెడ్యూల్డు కులం అనీ రాశాం. "బౌద్ధం రాస్తే రిజర్వేషన్ పోతుందేమో సార్" అని గుమాస్తా అనుమానపడ్డారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వును 1990లో సవరించారనీ, బౌద్ధం స్వీకరించిన షెడ్యూల్డు కులాల వారికి ఆ హోదా ఉంటుందనీ చెప్పాం. ఆయన రాసుకున్నారు. ఆ పని అంత తేలికగా అయిపోయింది.

తేలిక కానిది వరండా చివర ఉంది. అక్కడ ఇప్పుడు కుళాయిలు ఉన్నాయి. మా రోజుల్లో కుండ ఉండేది. మిగతా పిల్లలు గ్లాసు ముంచుకుని తాగేవాళ్ళు. మా పేట పిల్లలం దోసిలి పట్టి నిలబడితే ఎవరో ఒకరు పైనుంచి పోసేవాళ్ళు. పోసేవాళ్ళు లేకపోతే దాహంతోనే క్లాసుకు వెళ్ళేవాళ్ళం. మా అమ్మాయి కుళాయి దగ్గర నీళ్ళు తాగి వచ్చి, "నాన్నా, మీరూ ఇక్కడే తాగేవాళ్ళా?" అని అడిగింది. "ఇక్కడేనమ్మా" అన్నాం. అది అబద్ధం కాదు. అలాగని నిజమూ కాదు.

ఆ నెలలోనే మా బ్యాచ్ పూర్వ విద్యార్థుల సమ్మేళనం పెట్టుకున్నారు. మాకు తెలుగు చెప్పిన మాస్టారికి సన్మానం. ఆయనకు ఎనభై దాటాయి. మా చేతిరాత దిద్దింది ఆయనే. పదో తరగతి పరీక్ష ఫీజు కట్టలేకపోతే తన జేబులోంచి కట్టిందీ ఆయనే. కుండ దగ్గర మమ్మల్ని రోజూ చూస్తూ ఒక్కనాడూ నోరు విప్పనిదీ ఆయనే. సభలో నాలుగు మాటలు చెప్పమని మిత్రులు మమ్మల్ని అడిగారు. కుండ సంగతి చెబుతామంటే ఒకాయన, "పాత సంగతులు ఇప్పుడెందుకు అన్నా? పెద్దాయన బాధపడతాడు" అన్నాడు. ఆ మాటలో ద్వేషం లేదు. అందుకే దాన్ని కొట్టిపారేయలేకపోయాం.

ఇదే ప్రశ్నను మనలో చాలామంది ఎదుర్కొంటున్నారు. మనల్ని అవమానించిన బడికే బిడ్డ చెయ్యి పట్టుకుని వెళ్తున్నాం. ఆ బడి మనకు అక్షరమూ ఇచ్చింది. దాని గురించి బిడ్డకు ఏం చెప్పాలి?

మొదటి భయం, చెబితే బిడ్డ మనసులో పగ నాటినట్టవుతుందని. బుద్ధుడు కపిలవస్తుకు తిరిగి వచ్చినప్పుడు రాహులుడు వెంటపడి, నా వారసత్వం నాకివ్వమని అడిగాడు. తండ్రి ఇచ్చింది రాజ్యం కాదు, ధమ్మం. ఆ ధమ్మంలో రాహులుడికి చెప్పిన తొలి పాఠాల్లో ఒకటి, పాత్ర అడుగున మిగిలిన నీళ్ళను చూపించి చెప్పింది. తెలిసి అబద్ధమాడేవాడిలో మిగిలే మంచి ఆ నీళ్ళపాటిదేనని చెప్పి, వాటిని పారబోసి, పాత్రను బోర్లించి చూపించాడు. బిడ్డకు సత్యాన్ని మించిన ఆస్తి లేదని అక్కడ మనకు తెలుస్తుంది. మనం పంచశీల తీసుకున్నవాళ్ళం. అందులో అబద్ధం ఆడనన్న శీలం ఉంది. సగం చెప్పి ఊరుకోవడం ఆ శీలానికి సరిపోతుందా అని మమ్మల్ని మేమే ప్రశ్నించుకున్నాం.

రెండో భయం, ముసలాయన నొచ్చుకుంటారని. అభయరాజకుమారుడు బుద్ధుణ్ణి ఇలాంటి ప్రశ్నే అడిగాడు. ఇతరులకు నచ్చని మాట తథాగతుడు చెబుతాడా అని. అభయుడి ఒళ్ళో పసివాడు ఉన్నాడు. వీడు నోట్లో పుల్లో రాయో పెట్టుకుంటే ఏం చేస్తావని బుద్ధుడు అడిగాడు. నెత్తురు వచ్చినా తీసేస్తానన్నాడు అభయుడు, బిడ్డ మీద దయతో. మాట సత్యమై, మేలు చేసేదై ఉంటే, అది చేదైనా తగిన సమయం చూసి చెప్పవలసిందేనని ఆ సుత్తం సారాంశం. అంటే చూసుకోవలసినవి మూడు: నిజమా, మేలా, సమయమా. నిజం గురించి మాకు సందేహం లేదు. మిగతా రెండింటి గురించే ఆలోచించాం.

న్యాయశాస్త్రం చదివినవాళ్ళం కాబట్టి ఒక తేడా మాకు కనిపించింది. ఫిర్యాదీ వేరు, సాక్షి వేరు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది. 1955 చట్టం దాన్ని శిక్షించదగిన నేరం చేసింది. అయినా మేము ఇప్పుడు ఎవరికీ శిక్ష కోరడం లేదు. జరిగింది జరిగినట్టు చెప్పడమే మా పని. బాబాసాహెబ్ చేసిందీ అదే. బడికి తన గోనెపట్టా తానే తీసుకెళ్ళడం, ప్యూను కుళాయి తిప్పితే తప్ప నీళ్ళు దొరకకపోవడం ఆయన రాసి పెట్టారు. ఆయన రాయకపోతే అలాంటిదేమీ జరగలేదనేవాళ్ళకు ఈనాడు మనం ఏం చూపించేవాళ్ళం?

సమయం సంగతి మా ఆవిడ తేల్చింది. "నలుగురిలో ఆయన మొదటిసారి వినకూడదు. ముందు ఇంటికెళ్ళి చెప్పండి" అంది. వెళ్ళాం. మాస్టారు విని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అప్పట్లో అందరం అలాగే ఉండేవాళ్ళం నాయనా" అన్నారు. మేము ఆశించిన మాట అది కాదు. ఆ మాటతో మనసు చల్లబడిందని చెబితే అబద్ధమవుతుంది. సభలో చెబుతామంటే మాత్రం ఆయన వద్దనలేదు.

సభలో ముందుగా ఫీజు కట్టిన సంగతి చెప్పాం, తర్వాత కుండ సంగతి. రెండూ నిజాలే, ఒకదానితో ఇంకొకటి చెల్లు కాదు. కొందరు తలలు దించుకున్నారు. ఒకరిద్దరు లేచి వెళ్ళారు. మా అమ్మాయి వెనక వరసలో కూర్చుని విన్నది. ఇంటికి వచ్చాక, "మరి ఇప్పుడు అన్నం దగ్గర అందరూ కలిసే కూర్చుంటారా?" అని అడిగింది. ఆ పిల్లకు పగ కాదు, ప్రశ్న పుట్టింది. చెప్పడం వల్ల మేలేమిటో అప్పుడు అర్థమైంది.

ఆ ప్రశ్నకు జవాబు ఊహించి చెప్పేది కాదు, వెళ్ళి చూసేది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. మన పిల్లల తల్లిదండ్రులకు అందులో దామాషా ప్రకారం చోటు ఉండాలి. మధ్యాహ్న భోజనం వండేవారి నియామకంలో దళితులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఇవి ఎన్ని బళ్ళలో అమలవుతున్నాయో కనుక్కోవడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. కమిటీకి పేరు ఇచ్చాం. నెలకొకసారి వెళ్ళి పిల్లల పంక్తిలో కూర్చుని తింటున్నాం.

మాస్టారి దగ్గరకు మళ్ళీ వెళ్ళాం, ఈసారి అమ్మాయితో. ఆమె చేతిరాత చూసి, "సున్నాలు గుండ్రంగా రాయమ్మా" అన్నారు. ఆయన మనసులో ఏముందో మాకు తెలియదు. అమ్మాయి మాత్రం వెంటనే దిద్దుకుంది.