అన్నం కోసమా, దేవుడి కోసమా?

1878 జులై 3న ఒంగోలుకి ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని నీళ్ళలో నిలబడి ఆ పని పూర్తిచేశారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ చరిత్రలో ఆ అంకెకి పెద్ద పేరుంది. విశ్వాసులకి అదొక అద్భుతం. మిగతావాళ్ళకి మాత్రం దాని వెనక కనిపించేది ధాత కరువు. 1876లో మొదలైన ఆ కరువు దెబ్బ నుంచి జనం ఇంకా కోలుకోలేదు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గంజి కోసం వచ్చారు, అంతేగా, అని తేల్చేయడం తేలిక. ఇంగ్లీషులో ఇలాంటివాళ్ళకి ‘రైస్ క్రిస్టియన్లు’ అని ఒక ఎత్తిపొడుపు మాటుంది. ఆ మాట తెలియకపోయినా ఆ ఎత్తిపొడుపు మనకీ కొత్తేం కాదు.

గంజి సంగతి అబద్ధమని నేననను. ఆకలితో ఉన్నవాడు అన్నం ఉన్న చోటికి వెళ్తాడు. నా పేచీ వేరే. ‘నీది నిజమైన భక్తేనా?’ అనే ప్రశ్న మనం ఎవర్ని అడుగుతున్నాం, ఎవర్ని వదిలేస్తున్నాం?

ముందు ఆ కరువులో ఏం జరిగిందో చూద్దాం. ఖర్చు తగ్గించమని కలకత్తా ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్ కరువు పనుల్లో మగవాడి కూలి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా అని తేల్చాడు. అంటే అరకిలో కన్నా తక్కువ. మట్టి మోసేవాడు ఆ తిండితో బతకలేడని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. సర్కారు సంక్షేమం అప్పుడు అలా ఉంది: ఎంత పెడితే చావకుండా ఉంటారు అన్న లెక్క.

ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ ఆ సమయంలో ఒక విచిత్రమైన పని చేశాడు. బకింగ్‌హాం కాలవలో మూడు మైళ్ళకి పైగా ముక్కని తవ్వించే కాంట్రాక్టు తీసుకున్నాడు. అతనికి సర్వే పని కొంత తెలుసు. సర్కారు శిబిరాల్లో చిన్నచిన్న అధికార్ల చేతుల్లో మాదిగలు పడే అవస్థ చూసి, వాళ్ళకి కొట్లాట లేకుండా పని, కూలి దొరికే చోటు కావాలనుకున్నాడు. నాకు ఈ కథలో అన్నిటికన్నా నచ్చేది ఇదే. దానం తీసుకున్నవాడు దణ్ణం పెట్టాలి. కూలి తీసుకున్నవాడు పెట్టక్కర్లేదు. అయితే అక్కడ మేస్త్రీలుగా ఉన్నది బోధకులే. పని ఆగి జనం కూర్చున్నప్పుడు యేసు గురించి చెప్పింది కూడా వాళ్ళే. కూలితో పాటు ప్రసంగమూ అందిందన్నమాట. దీన్ని దాచక్కర్లేదు.

ఇక బాప్తిస్మాలు. కరువు సాయం సాగినంత కాలం, అంటే ఏడాదికి పైగా, క్లౌ వాటిని ఆపేశాడు. సాయం ఆగిపోయిందని అందరికీ తెలిశాకే మళ్ళీ మొదలుపెట్టాడు. అప్పుడు జనం వరదలా వచ్చారు. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. నిజాయితీ ఉన్న పనే. ‘రైస్ క్రిస్టియన్’ అనేవాళ్ళకి ఇంతకన్నా గట్టి జవాబు లేదని మిషన్ వాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. కానీ ఆ జవాబు ఎదుటివాడి లెక్కని అలాగే ఒప్పేసుకుంది. ఆకలి ఉంటే భక్తి మైలపడుతుంది, ఆకలి తీరాక వచ్చిందే శుద్ధమైన భక్తి, ఇదీ ఆ లెక్క.

కడుపు నిండినవాళ్ళకి ఈ పరీక్ష ఎవరు పెట్టారు? వీసా కోసం చిలుకూరు బాలాజీ గుడి చుట్టూ పదకొండు ప్రదక్షిణలు చేసే ఇంజనీర్ని ‘వీసా హిందువు’ అని ఎవరూ అనరు. అనక్కర్లేదు కూడా. దేవుడి దగ్గరికి మనిషి ఏదో ఒక అవసరంతోనే పోతాడని మనకి తెలుసు. ఆ అవసరం అన్నమైతే మాత్రం మొహం చిట్లిస్తాం. క్రైస్తవులు రోజూ చెప్పుకునే పరలోక ప్రార్థనలో ఆ రోజు తిండి అడిగాకే పాపాలు క్షమించమని అడుగుతారు. ఈ వరసని చర్చిల్లో కూడా పెద్దగా పట్టించుకోరు.

ఇంకో సంగతి. క్లౌ సంఘంలో చేరాలంటే మాదిగలు మానాల్సినవి కొన్ని ఉన్నాయి: విగ్రహాలకి మొక్కడం, ఆదివారం పని, చచ్చిన పశువుల మాంసం. మూడోదాన్ని శుచి లెక్కలో చూసి వదిలేస్తాం. కానీ ఎండాకాలంలో పేటలో చాలామందికి దొరికే మాంసం అదే. ఆదివారం పని మానడమంటే ఊరి పెద్దలతో వైరం, ఒకరోజు తిండికి ఎసరు. అన్నం కోసం చేరారంటున్నామే, చేరడానికి వాళ్ళు వదులుకున్నదీ అన్నమే.

ఎదుటి వాదన ఒకటి నిజంగా బలమైనది. అన్నం పెట్టే చెయ్యే బాప్తిస్మం రిజిస్టరు కూడా పట్టుకుంటే, ఎదురుగా ఉన్నవాడి ఇష్టానికి విలువేముంటుంది? ఒప్పుకుంటాను. అయితే నిలదీయాల్సింది పెట్టేవాణ్ణి. మత్తయి సువార్తలో చివరి తీర్పు కథ ఉంది కదా, అక్కడ లెక్క అడిగేది ఆకలిగా ఉన్నవాళ్ళకి పెట్టావా లేదా అనే. తిన్నవాడు ఏం నమ్మాడన్న ప్రసక్తే ఉండదు. ఈ రోజు ఏ చర్చిలోనైనా ‘ప్రార్థన అయ్యాకే భోజనం’ అంటే, ఆ మధ్యలో కూర్చున్నవాడిది వేషమా కాదా అన్నది నాకు అనవసరం. ఆ వరస పెట్టినవాడు జవాబు చెప్పాలి.

ఇప్పుడు పెట్టే చెయ్యి ప్రధానంగా ప్రభుత్వానిది. రిజిస్టరూ దాని దగ్గరే ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవం పుచ్చుకున్న మాల, మాదిగలు మన దగ్గర బీసీ-సిలోకి, ఒక్క శాతం కోటాలోకి పోతారు. పేట అదే, శ్మశానం గొడవలూ అవే. అందుకే కాగితం మీద హిందువుగా, ఆదివారం చర్చిలో ఉండే కుటుంబాలు కోస్తాలో ఎన్నో. 2024 నవంబరులో పుదుచ్చేరి నుంచి వచ్చిన ఒక కేసులో, నిజమైన నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసమే మతం చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని సుప్రీంకోర్టు అంది. చట్టం ఉన్నదున్నట్టు చదివితే అంతే కావచ్చు. కానీ ఆ ప్రశ్న ఎంత పాతదో చూడండి. ముత్తాతని అన్నం కోసం క్రైస్తవుడయ్యాడన్నారు. మునిమనవణ్ణి ఉద్యోగం కోసం హిందువునంటున్నాడంటున్నారు. ఆ ఇంట్లో ఎవరు ఏం నమ్మినా అది తిండి కోసమే అయి తీరాలి!

దళిత క్రైస్తవులకి ఎస్సీ హోదా ఇవ్వాలని 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అంతకుముందు ఏడాదే కేంద్రం ఈ విషయం చూడమని జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఈలోగా పిల్లల్ని బడిలో చేర్చే రోజు వస్తూనే ఉంటుంది. చర్చిలో పెట్టిన పేరు రాయించాలా, ఇంకోటి రాయించాలా అని దరఖాస్తు ముందు పెట్టుకుని ఆలోచిస్తారు.